మాణిక్యమ్మగారి ఇరవై ఏడో నంబరు స్టాలు

ఆకివీడులో రత్నమాణిక్యం గారి సంచుల షెడ్డుకి నేను పన్నెండేళ్ళుగా వెళ్తున్నాను. కుట్టుమిషన్లు బాగుచేయడం నా పని. ఏలూరు నుంచి మోపెడ్ మీద స్పానర్ల పెట్టె కట్టుకుని వెళ్ళి, అక్కడున్న ఏడు మిషన్లకీ నూనె వేసి, బెల్టులు బిగించి, సూదులు మార్చడానికి గంటన్నర పడుతుంది. అక్కణ్ణుంచి బయటపడడానికి మాత్రం మూడు గంటలు పడుతుంది. ఎందుకంటే ఆవిడ అన్నం పెట్టకుండా ఎవరినీ వదలరు.

నాకు షుగరుంది. ఈ సంగతి ఆవిడకి నూటపదహారు సార్లు చెప్పాను. "అయ్యో, షుగరున్నోళ్ళు ఖాళీ కడుపుతో బండి నడపకూడదండీ మేస్త్రిగారండీ" అంటూ ఇంకో గరిటె వేస్తారు. కరెంటు మీటరు చూసేవాళ్ళూ, జనాభా రాసుకునే టీచర్లూ అందరూ అక్కడ తిన్నవాళ్ళే. ఒకసారి పక్క వీధికి వెళ్ళాల్సిన పెళ్ళిచూపులవాళ్ళు దారి తప్పి వచ్చి, శుభ్రంగా భోంచేసి, చేతులు తుడుచుకుంటూ "ఇంతకీ అమ్మాయి ఏదండీ?" అని అడిగారు. ఆవిడకి అమ్మాయిలే లేరు.

ఆవిడ కుట్టేవి మేత సంచులు. కొల్లేటి పక్క చెరువుల్లో చాలాచోట్ల చేపలకి మేత చల్లరు. తౌడూ నూనెచెక్కా కలిపి బెజ్జాలున్న సంచుల్లో పోసి, చెరువులో పాతిన వెదురు గెడలకి కడతారు. చేపలు వచ్చి సంచిని మూతితో పొడుచుకుంటూ తింటాయి. వినడానికి ఇంతే. కానీ బెజ్జం పెద్దదైతే మేత నీళ్ళపాలు, చిన్నదైతే చేపకి పస్తు, దగ్గర దగ్గరగా పడితే సంచి నెల తిరక్కుండా చిరిగిపోతుంది. మాణిక్యమ్మగారు ఎర్రగా కాల్చిన ఇనపచువ్వతో బెజ్జం వేస్తారు. అంచు కరిగి గట్టిపడుతుంది కాబట్టి పోగు లేవదు. దగ్గర కొలబద్ద ఉండదు, సంచి మీద గుర్తు ఉండదు. తప్పు పడదామనే ఉద్దేశంతోనే నేనొకసారి ఆవిడ వేసిన వరసని స్కేలు పెట్టి కొలిచాను. దొరకలేదు.

అంత పనిమంతురాలికి పని తగ్గిపోయింది. మోటారుతో మేత చల్లే మిషన్లు వచ్చాయి. ఎక్కడో దూరదేశం ఫ్యాక్టరీలో పంచింగ్ చేసిన సంచులు ఫోన్లో నొక్కితే ఇంటికొస్తున్నాయి. పాత రైతులు చెరువులు లీజుకిచ్చేసి కూర్చున్నారు, కొత్తగా వచ్చినవాళ్ళకి ఈవిడ ఎవరో తెలియదు. షెడ్డులో ఆరుగురు ఆడవాళ్ళు పనిచేసేవారు. ఏడు మిషన్లలో నాలుగింటికి ముసుగులు వేసేశారు. మిగిలిన మూడింటి దగ్గరే ఆరుగురూ వంతులేసుకుని కూర్చునేవారు. ఎవరినీ పొమ్మనడానికి మాణిక్యమ్మగారికి నోరు రాలేదు.

షెడ్డు వీరరాఘవమ్మగారిది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. పొలాలూ చెరువులూ ఉన్న పెద్దింటి ఇల్లాలు. ఆవిడ వచ్చినప్పుడల్లా మాణిక్యమ్మగారు కుర్చీ తుడిచి వేసి పళ్ళెం కడిగేవారు. పెద్దావిడకి ఆ రోజు శనివారం అయ్యేది. బుధవారం వస్తే ఏకాదశి అయ్యేది. ఏదీ కాకపోతే "ఇప్పుడే తినొచ్చానే" అనేవారు. పన్నెండేళ్ళలో ఆ షెడ్డులో మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. ఎందుకో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనుకోరు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఆ వీరరాఘవమ్మగారు ఒకరోజు వచ్చి, ముసుగులేసిన మిషన్లకేసి చూసి అసలు విషయం చెప్పేశారు.

"మాణిక్యం, ఖాళీ మిషన్లకి షెడ్డెందుకే? కూల్ డ్రింకులవాళ్ళు గోడౌనుకి అడుగుతున్నారు. నెలాఖరుకి చేతినిండా పనుంటే ఉండు. లేకపోతే ఖాళీ చేసెయ్. తర్వాత నేను చెప్పలేదనకు."

"అలాగేనండి అమ్మగారండీ" అన్నారు మాణిక్యమ్మగారు. అంతకంటే ఏమంటారు?

నెలాఖరులోనే ఏలూరులో ఆక్వా ఎక్స్‌పో పెడుతున్నారు. శుక్ర, శని, ఆదివారాలు మూడు రోజులు. మేతలవాళ్ళు, మందులవాళ్ళు, మిషన్లవాళ్ళు స్టాళ్ళు పెడతారు, మూడు జిల్లాల రైతులు వస్తారు. చిన్న యూనిట్లవాళ్ళకి ఓ పక్కన చిన్న స్టాళ్ళు కేటాయిస్తే, మాణిక్యమ్మగారికి ఇరవై ఏడో నంబరు వచ్చింది. అక్కడ ఆర్డర్లు వస్తే షెడ్డు ఉంటుంది, రాకపోతే సోమవారం నాడు నేను వచ్చి ఏడు మిషన్లూ విప్పి కట్టెయ్యాలి. మా అందరికీ తెలిసిన లెక్క అదే.

"స్టాలు పెట్టి కూర్చుంటే ఎవరూ రారత్తయ్యా. ముందే సోషల్ మీడియాలో ప్రచారం చెయ్యాలి" అంది కోడలు ప్రీతి. బీకాం చదివిన పిల్ల, చురుకైనది. మాణిక్యమ్మగారి భర్త దేవరాజుగారు చెరువుల మీద పనిచేసే నెమ్మదైన మనిషి. ఆయన "సరే" అన్నారు. ఆయన ఎప్పుడూ "సరే" అనే అంటారు. నాకు ఫోన్లంటే చిరాకు కాబట్టి నేను "ఎందుకండీ ఈ గోల" అన్నాను. నా మాట ఎవరూ పట్టించుకోలేదు.

వీడియో తీసిన రోజు నా ఖర్మకొద్దీ నేను అక్కడే ఉన్నాను. ప్రీతి కాగితం మీద మాటలు రాసిచ్చింది. "మా సంస్థ గత పన్నెండు సంవత్సరాలుగా నాణ్యమైన మేత సంచులను తయారుచేయుచున్నది. మా స్టాలును సందర్శించవలసిందిగా కోరుచున్నాము." మాణిక్యమ్మగారు ఎక్స్‌రే తీయించుకునేవాళ్ళలా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. రెండోసారి "సంస్థ" దగ్గర నవ్వొచ్చింది.

"సంస్థేంటమ్మాయ్, ఆరుగురు ఆడోళ్ళం, ఓ రేకుల షెడ్డూను."

మూడోసారి "కోరుచున్నాము" దగ్గర వెక్కిళ్ళొచ్చాయి. ఆరోసారికి ఆవిడ కుర్చీలో కూలబడి, "ఆ డబ్బాతో మాట్లాడ్డం నా వల్ల కాదమ్మాయ్. ఎదురుగా మనిషుంటే మాట్లాడతాను" అన్నారు.

అప్పుడు ప్రీతికి నేను కనిపించాను. నన్ను ఫోనుకి సరిగ్గా వెనకాల స్టూలు మీద కూర్చోబెట్టింది. "అత్తయ్యా, ఫోను సంగతి మర్చిపోండి. బాబాయ్‌గారితో చెప్పండి" అంది. అంతే, మాణిక్యమ్మగారు గలగలా మాట్లాడేశారు. చువ్వ ఎంత ఎర్రగా కాలాలో చెప్పారు. శీలావతి చేపకి బెజ్జాలు ఎలా వెయ్యాలో, బొచ్చె ఎక్కువున్న చెరువుకి ఎలా వెయ్యాలో సంచి తిప్పి చూపించారు. మిషన్లో దొర్లి వచ్చిన సంచికీ, మనిషి చేతిలో తయారైన సంచికీ తేడా చెప్పారు. నాకు తెలియని సంగతులు నేనే రెండు నేర్చుకున్నాను. చివర్న రెండు చేతులూ జోడించి ఇలా అన్నారు.

"ఏలూరు ఎక్స్‌పోలో మాది ఇరవై ఏడో నంబరు స్టాలండీ. అందరూ తప్పకుండా రావాలండీ. పిల్లాజెల్లాతో రండి. వచ్చినవాళ్ళు భోంచేసి వెళ్ళాలి, బొచ్చె పులుసు పెడతాను. అన్నం తినకుండా వెళ్తే నేనూరుకోనండోయ్, మూడు రోజులూ అక్కడే ఉంటాను."

ఆ వీడియోని మేం ముగ్గురం పదిసార్లు చూశాం. ప్రీతి అటూ ఇటూ కత్తిరించి సంగీతం కలిపింది. వెనకాల మిషను చప్పుడు ఎక్కువైందని నేను వంక పెట్టాను. దేవరాజుగారు సరే అన్నారు. ఆ చివరి మాట ఎవరి చెవికీ తగల్లేదు. మా వైపు మనిషిని పిలవడమంటే అలాగే పిలుస్తారు. ఆవిడ ఆ మాట అనకపోయుంటేనే, ఏదో తగ్గిందేమిటా అని మాకు అనుమానం వచ్చుండేది.

మొదటి రెండు రోజులూ ఆ వీడియోని నలభై ఒక్కసార్లు చూశారని ఫోను చెప్పింది. అందులో ముప్ఫై సార్లు దేవరాజుగారే చూశారు. మూడోనాడు ఎవరో పుణ్యాత్ముడు మొదటి మూడు నిమిషాలూ పీకి పారేసి, చివరి ముక్క ఒక్కటే వాట్సాప్ గ్రూపుల్లో వదిలాడు. పైన అక్షరాలు పెట్టాడు: "ఏలూరులో మూడు రోజులు ఉచిత బొచ్చె పులుసు భోజనం. స్టాల్ 27. తినకపోతే ఊరుకోరు." సాయంత్రానికి లక్ష మంది చూశారు. చువ్వ లేదు, బెజ్జం లేదు, సంచి అన్న మాటే లేదు.

కామెంట్లు మొదలయ్యాయి. పులుసొక్కటేనా వేపుడు కూడానా అని ఒకాయన. చింతపండా మామిడికాయా అని ఇంకొకావిడ. కామవరపుకోట నుంచి ట్రాక్టరు కట్టుకుని నలభై మంది బయల్దేరుతున్నామని ఒక కబురు. పెదవేగి పామాయిల్ తోటల్లో గెలలు కోసే ముఠా మొత్తం శనివారం సెలవు పెట్టామన్నారు. పార్సిలుంటుందా అని అడిగినవాళ్ళయితే ఎందరో చెప్పలేను. ప్రతి కామెంటుకీ జవాబిస్తేనే వీడియో పైకి లేస్తుందని ప్రీతి ముందే నేర్పి ఉంది. అత్తగారు శ్రద్ధగా నేర్చుకున్నారు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ఒక్కొక్కరికీ విడివిడిగా, "తప్పకుండా పెడతానండీ, మీరెంతమంది వస్తారు?" అని మూడు వందల మందికి సమాధానం చెప్పారు.

నేను వెళ్ళేసరికి ప్రీతి తల పట్టుకుని కూర్చుంది. అప్పుడే ఎక్స్‌పో నిర్వాహకుడు గోపీచంద్ గారి ఫోన్ వచ్చింది. స్పీకరు పెట్టారు.

"ఏవండీ, అది ఎక్స్‌పో అండీ, అన్నదానం కాదు. హాల్లో పొయ్యి వెలిగిస్తే ఫైరు వాళ్ళు నా పర్మిషను పీకేస్తారు. దయచేసి, భోజనాల్లేవు, పొరపాటు జరిగిందని ఇంకో వీడియో పెట్టెయ్యండి."

"ఇప్పుడే పెడతామండీ" అంది ప్రీతి.

"పెట్టం" అన్నారు మాణిక్యమ్మగారు.

ఆవిడ గొంతు అలా వినడం నాకదే మొదటిసారి. "రమ్మని పిలిచి, బయల్దేరినోళ్ళకి అన్నం లేదని కబురు పెట్టనా అండీ? ఆ మాట చెప్పిన నోరేనా ఇది అని నన్ను నేనే అడుక్కోవాలి. హాల్లో వద్దంటే బయట పెట్టుకుంటానండీ. మీక్కూడా ఓ ఆకు వేసి ఉంచుతాను."

గోపీచంద్ గారు మైదానం వెనకాల షామియానా ఒకటి ఖాళీగా ఉందన్నారు. పులుసు చింతపండుతోనేనా అని కూడా అడిగారు.

నాకు కోపం ఆగలేదు. "మాణిక్యమ్మగారూ, మీరు వెళ్తున్నది సంచులమ్మడానికి! మీరూ మీ ఆరుగురూ గరిటెలు పట్టుకుంటే స్టాలులో ఎవరుంటారు? సోమవారం షెడ్డు పోతే ఈ ఆరుగురినీ ఎక్కడ కూర్చోబెడతారు? ఆ తిన్నవాళ్ళొస్తారా?"

"మీరు చెప్పింది నిజవేనండీ" అన్నారావిడ. కళ్ళలో భయం కనిపించింది. అయినా మర్నాడే ఏడాది తిండికి దాచుకున్న బియ్యం బస్తాలు బయటికి తీశారు. దేవరాజుగారు పాత రైతుల దగ్గరికెళ్ళి చెప్పుకుంటే తలా ఓ బుట్ట చేపలు పంపుతామన్నారు.

శుక్రవారం పొద్దున పదకొండింటికి షామియానా కింద రెండొందల మందికి కూర్చునే చోటుంటే ఆరొందల మంది వచ్చారు. కింద పరుచుకోవడానికి చాపల్లేవు. మాణిక్యమ్మగారు ఒక్క క్షణం ఆలోచించి, స్టాలులో చూపించడానికి తెచ్చిన సంచుల కట్టలు విప్పి, నేలంతా వరసగా పరిపించేశారు. నెల రోజులు కష్టపడి, ఒక్కో బెజ్జం చూసి చూసి వేసిన సంచులు! వాటిమీద జనం బాసింపట్లు వేసుకుని కూర్చుని పులుసు జుర్రుతున్నారు. నేను "అయ్యయ్యో, సరుకండీ అది, సరుకు!" అని అరిచాను. ఒక పెద్దాయన జాలిగా చూసి, "కూర్చో బాబూ, ఇక్కడ చోటుంది" అని పక్కకి జరిగాడు.

ఇరవై ఏడో నంబరు స్టాలులో నేనొక్కణ్ణీ కూర్చున్నాను. సంచులు లేవు, సంచులు కుట్టే మనిషీ లేదు. ఉన్నదల్లా ఓ బల్ల, ఓ కుట్టుమిషన్ మెకానిక్కు. వచ్చినవాళ్ళందరూ "భోజనాలు ఎటండీ?" అని అడిగారు. చెయ్యి చూపించాను. పక్క స్టాలులో మేత చల్లే మిషను తళతళలాడుతోంది. టై కట్టుకున్న అబ్బాయి దాని గురించి చెప్పబోతే, జనం వాడిని కూడా "భోజనాలు ఎటండీ?" అనే అడిగారు. రెండు గంటలకి వాడూ వెళ్ళి తినొచ్చాడు.

మొదటి రోజు ఆర్డర్లు సున్నా. రెండో రోజూ అంతే. శనివారం సాయంత్రం, తిని లేస్తున్న రైతుల్ని చూపించి ప్రీతి బతిమాలింది. "అత్తయ్యా, వాళ్ళకి చెరువులున్నాయి. వడ్డించేటప్పుడు ఒక్క మాట చెప్పండి చాలు. మేత సంచులు కుడతాం అని. అంతే."

"వద్దమ్మాయ్. పెట్టిన చేత్తో అడిగితే అది అన్నం అవదు, ఎర అవుద్ది. తినేవాళ్ళకి గొంతు దిగదు."

"మరి షెడ్డండీ?" అన్నాను నేను.

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి నాకేసి చూశారు. "పోతే ఏడుస్తానండీ. గట్టిగానే ఏడుస్తాను. కానీ అడగలేను." నేను మంచినీళ్ళ గ్లాసులు అందించడానికి వెళ్ళిపోయాను.

ఆదివారం మాణిక్యమ్మగారి చర్చిలో ఆరాధన అవ్వగానే పాస్టరుగారు సంఘమంతటినీ వెంటబెట్టుకుని నేరుగా షామియానాకే వచ్చేశారు. ఆ వెనకే కారు దిగి వీరరాఘవమ్మగారు వచ్చారు. భోజనానికి కాదు, తన చెరువులకి మేత చల్లే మిషను చూసుకోవడానికి. మనవరాలు హర్షిణి కూడా వచ్చింది. మిషను చూసేసరికి ఒంటిగంట దాటింది. ఎండ మాడ్చేస్తోంది. నీడ ఉన్నదల్లా షామియానా కిందే. పెద్దావిణ్ణి తెచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, హర్షిణి తాను పంక్తిలో కూర్చుని తినడం మొదలుపెట్టింది.

మాణిక్యమ్మగారు ఓ పళ్ళెంలో అన్నం, పులుసూ పెట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డారు.  ఆ వేళ శనివారం కాదు. ఏకాదశి వెళ్ళి నాలుగు రోజులైంది. ఇప్పుడేం చెప్తారా అని నేను గ్లాసులు సర్దుతున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించాను. వీరరాఘవమ్మగారు చుట్టూ చూశారు. అక్కడ పెద్ద రైతులున్నారు, మళ్ళీ వచ్చిన పామాయిల్ కూలీలున్నారు, పాస్టరుగారున్నారు, తన మనవరాలు వేళ్ళు నాక్కుంటోంది. పళ్ళెం అందుకున్నారు. రెండు ముద్దలు తిని తలెత్తారు.

"ఉప్పు ఓ రవ్వ తగ్గిందే మాణిక్యం."

"అవునండి అమ్మగారండీ. మూడు రోజుల్నించీ చెయ్యి కుదరట్లేదండీ."

"ఇంకొంచెం వెయ్యి. తల ముక్క ఉందా?"

మాణిక్యమ్మగారు తల ముక్క వేసి, గబగబా షామియానా వెనక్కి వెళ్ళి కొంగుతో మొహం ఒత్తుకున్నారు. నేను చూశాను. నా కోపమంతా అప్పుడే పొంగింది. ఇంత మనిషికి రేపు షెడ్డు ఉండదు! నేను బల్ల ఎక్కి అరిచేశాను. "ఏవండీ, అందరూ వినండి! మూడు రోజుల్నుంచి తింటున్నారు. ఈవిడ చేసే పనేంటో మీలో ఒక్కరికైనా తెలుసా?"

అందరూ ముద్దలు ఆపి చూశారు. వెనక వరసలోంచి ఒకాయన చెయ్యెత్తాడు. "తెలుసండీ. కేటరింగ్. మా అమ్మాయి పెళ్ళికి అడుగుదామనే ఉన్నామండీ."

మాణిక్యమ్మగారు పరిగెత్తుకొచ్చి నన్ను బల్ల మీంచి దింపేశారు. "తినేవాళ్ళ దగ్గరా మేస్త్రిగారండీ ఆ మాటలు!" అని చీవాట్లు పెట్టి, జనంకేసి తిరిగి, "ఏం లేదండీ, ఆయనకి షుగరండీ. మీరు కానివ్వండి" అన్నారు. సాయంత్రం లెక్క చూస్తే వంట ఆర్డర్లు పద్నాలుగు వచ్చాయి. సంచుల ఆర్డర్లు ఒక్కటి కూడా రాలేదు. ఆవిడ పద్నాలుగూ వద్దన్నారు. "మేం సంచులు కుట్టేవాళ్ళమండీ" అని ఫోన్లో అందరికీ మర్యాదగా చెప్పుకున్నారు.

సోమవారం పొద్దున్నే నేను స్పానర్ల పెట్టెతో షెడ్డుకి వెళ్ళాను. ఆరుగురూ గోడవార కూర్చున్నారు. మాణిక్యమ్మగారు పులుసు మరకలు పడ్డ సంచులు ఉతికి తాడు మీద ఆరేస్తున్నారు. నేను మూడు మిషన్లు విప్పి కింద పెట్టాను. పన్నెండేళ్ళు నా చేత్తో బిగించిన బోల్టులు అవి. ఒక్కొక్కటీ తిప్పుతుంటే నా పళ్ళు పీకుతున్నట్టుగా ఉంది.

నాలుగో మిషను దగ్గరుండగా గుమ్మంలో బుల్లెట్టు ఆగింది. గళ్ళ చొక్కా వేసుకున్న ఒకాయన విసురుగా లోపలికొచ్చాడు.

"ఏవండీ, మీకిది న్యాయమేనా అండీ?"

మేమంతా బిత్తరపోయాం. పులుసు తిని ఎవరికైనా ఒంట్లో తేడా చేసిందేమోనని నేను స్పానరు వదిలేసి లేచాను.

"మాది కొల్లేటి లంకండీ, అరవై ఎకరాల చెరువులు. శనివారం నేనూ మా బావమరిదీ రెండేసి సార్లు తిన్నామండీ. ఇంటికెళ్ళాక మా ఆవిడ, అన్నం పెట్టినావిడ ఎవరు, ఏం చేస్తారు అనడిగింది. తెలీదన్నాను. ఎవరో తెలుసుకోకుండా ఎలా తినొచ్చారండీ అని అప్పట్నుంచీ నా మొహం చూట్టం లేదు. రాత్రి కూర్చుని మీ వీడియో మొదట్నించీ వెతికి చూశానండీ. సంచులంట! నేను కూర్చుని తిన్నది దాని మీదేనంట! మూడు రోజులు పెట్టి ఒక్క మాట అడక్కపోతే ఎలాగండీ? మీరు అడిగుంటే, మాకున్నాయండీ, వద్దండీ అనేసి చేతులు కడుక్కుని పోయేవాళ్ళం. అడగలేదు! ఇప్పుడు ఎలా పోతామండీ? ఎన్ని సంచులు ఇస్తారో చెప్పండి, చెప్పేదాకా నేను కదల్ను."

మాణిక్యమ్మగారు తడి సంచి చేతిలో పట్టుకుని ఆయన దగ్గరికొచ్చారు. అడిగిన మొదటి మాట, "మీ చెరువులో శీలావతి ఎక్కువా అండీ, బొచ్చె ఎక్కువా?" అని.

మధ్యాహ్నానికి పదకొండు మంది వచ్చారు. అందరిదీ అదే గొడవ, అదే కోపం. ఒకాయన్ని వాళ్ళమ్మ పంపింది. ఇంకొకాయన తనంత తానే రెండు రోజులు తట్టుకోలేక వచ్చానన్నాడు. కామవరపుకోట ట్రాక్టరు ఆసామీ కూడా వచ్చాడు. ఆయనకి చెరువే లేదు.

"మావి నిమ్మతోటలండీ. తాడేపల్లిగూడెం పంపేటప్పుడు గోనెసంచుల్లో కాయ ఉడుకెత్తిపోతందండీ. ఈ బెజ్జాల సంచయితే గాలాడద్ది కదా అనీ..." అని నసిగాడు. నిజంగా తోచిందో, తిన్నందుకు వెతుక్కున్న సాకో నాకిప్పటికీ తెలియదు. ఏదైతేనేం, ప్రీతి పుస్తకం తెచ్చి రాసుకుంది. గోడవార కూర్చున్న ఆరుగురూ ఒక్కొక్కరే లేచి మిషన్ల ముసుగులు తీయడం మొదలుపెట్టారు. "మేస్త్రిగారండీ, ఇవి మళ్ళీ బిగించాలి కదండీ" అన్నారొకావిడ, విప్పి కింద పెట్టిన మూడింటినీ చూపించి. పొద్దున్నించీ చేసిన పనంతా తిరగేసి చెయ్యాల్సి వచ్చిందని నేను విసుక్కున్నాను. ఎవరూ నమ్మలేదు.

నాలుగింటికి వీరరాఘవమ్మగారు ఆటో దిగారు. చేతిలో గుడ్డసంచి ఉంది. మిషన్ల చప్పుడు ఆగిపోయింది. నెలాఖరు దాటి ఒక రోజైంది మరి. ఆవిడ కుర్చీలో కూర్చుని, ఎండల గురించి మాట్లాడారు. వాళ్ళ హర్షిణి పరీక్షల గురించి మాట్లాడారు. కూల్ డ్రింకులవాళ్ళ గురించి ఎప్పుడు ఎత్తుతారా అని మేం నిలబడే ఉన్నాం. ఆవిడ ఎత్తలేకపోతున్నారు. రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ ఫ్యాను కేసి చూశారు.

"పనుందా?" అని చివరికి అడిగారు.

"వానలు వెనకబట్టేదాకా ఉందండి అమ్మగారండీ" అన్నారు మాణిక్యమ్మగారు.

"ఊఁ" అని, పెద్దావిడ గుడ్డసంచిలో చెయ్యి పెట్టి కొత్త తాళంకప్ప బయటికి తీశారు. పెద్దది, గోడౌన్లకి వేసేది. ఎందుకు కొన్నారో, ఎవరిని బయట పెట్టి వెయ్యడానికి తెచ్చారో అక్కడున్న అందరికీ అర్థమైంది. ఆవిడకీ తెలుసు మాకు అర్థమైందని. దాన్ని కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"నీ గుమ్మానికున్న తాళం తుప్పు పట్టిపోయిందే. ఇది వేసుకో. ఇదిగో చెవులు."

రెండు తాళంచెవులూ మాణిక్యమ్మగారి చేతిలో పెట్టారు. అద్దె షెడ్డుకి ఒక చెవి ఎప్పుడూ యజమాని దగ్గరే ఉంటుంది, ఏ ఊళ్ళోనైనా అంతే. "అమ్మగారండీ, మీ చెవి..." అని మాణిక్యమ్మగారు ఒకటి తిరిగి ఇవ్వబోయారు.

"నాకెందుకే? నేనొస్తే తలుపు నువ్వు తీస్తావు కదా" అని ఆవిడ లేచి, ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

నాకు ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గేం లేదు. మూడో మిషను కింద దూరి, బోల్టు బిగిస్తున్నట్టుగా చాలాసేపు అక్కడే ఉండిపోయాను.